ఆరోగ్యమ్మ ఖాళీ గోతం

ఆ ఆదివారం ఆరోగ్యమ్మక్క బల్ల దగ్గరికి వెళ్ళలేదు.

మా పేట చర్చిలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె విరిచే ముందు పాస్టరు అయ్యగారు ఎవరి మనసులోకి వాళ్ళని ఒకసారి చూసుకోమంటారు. ఎవరితోనైనా తగాదా ఉంటే, లోపల దోషం ఉంటే, ఆ నెలకు కూర్చునే ఉండాలి. సమాధానపడి వచ్చే నెల రావాలి. నిజానికి ఎవరూ కూర్చోరు. కూర్చుంటే అందరి కళ్ళూ వీపు మీదే ఉంటాయి. పొద్దున జుట్లు పట్టుకున్న అత్తాకోడళ్ళు కూడా పదకొండింటికల్లా పక్కపక్కనే వెళ్ళి రొట్టె తీసుకుంటారు. అట్లాంటి చోట ఆరోగ్యమ్మక్క చాప మీద నుంచి కదల్లేదు. ఆ రోజు మేం తాగిన ద్రాక్షరసం కాచింది తనే. నల్లద్రాక్ష ఉడకబెట్టి, పంచదార కలిపి, తెల్లగుడ్డలో వడకట్టి చర్చికి తెచ్చే పని ఏళ్ళ తరబడి తనదే. కాచిన మనిషి తాగకుండా కూర్చుంటే తాగేవాళ్ళకు ఎట్లా ఉంటుంది?

నా పేరు రోజారమణి. నందిగామకూ పెనుగంచిప్రోలుకూ మధ్యన, మునేరుకు ఇవతల ఉన్న ఈ పేటలో స్కూలు టీచర్ని, చర్చిలో స్త్రీల సమాజానికి సెక్రటరీని. అనుమానం నా జబ్బని మా ఆయన అంటాడు. కూరగాయల బండివాడి తక్కెడ దగ్గర్నుంచి ఎన్నికలప్పుడు వచ్చే వాళ్ళ దండాల దాకా నేను దేన్నీ ఊరికే నమ్మను. నమ్మి బాగుపడ్డవాళ్ళను ఎవరైనా చూపిస్తే అప్పుడు ఆలోచిస్తాను.

ఆరాధన అయ్యాక జనం చెప్పులు వేసుకునేలోపే మాట పుట్టింది. "ఇంట్లో బెల్టు షాపు పెట్టిందంట. అందుకే కూర్చుంది." వైన్‌షాపులో సరుకు తెచ్చి ఇంట్లో దొంగచాటుగా అమ్మడాన్ని మా వైపు బెల్టు షాపంటారు. ఆమె వాకిట్లో బీరు పెట్టెలు దొంతర్లుగా ఉంటాయి కాబట్టి ఆ మాట ఇట్టే అతుక్కుంది. కనుక్కుని రమ్మని సమాజంలో ఆడవాళ్ళు నన్నే పంపారు. "నువ్వైతే గుచ్చి గుచ్చి అడుగుతావు" అన్నారు. అది మెచ్చుకోవడమో దెప్పడమో నేను అడగలేదు.

ఆరోగ్యమ్మక్క మందు అమ్ముతోందంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. ఆమె మొగుడు ప్రేమదాసు తాగి తాగి, పొట్ట ఉబ్బి పోయాడు. ఆఖరి రోజుల్లో మంచం కింద దాచిన సీసా అందియ్యమని చిన్నపిల్లాడిలా ఏడ్చేవాడు. ఆమె ఆ సీసా తీసుకెళ్ళి మునేట్లో పారబోసి వచ్చేది. అతను పోయాక మిరప కోతలకూ పత్తి తీతలకూ పోయి, కూతురు జాయిస్‌ని నర్సు చదివించింది.

ఓ ఏడు మిరపతోటలో కలుపు తీస్తుంటే పగిలిన బీరు సీసా పెంకు ఆమె అరికాల్లో దిగింది. సాయంత్రాలు చేల గట్ల మీద కూర్చుని తాగడం మా మగాళ్ళకు అలవాటు. తాగాక సీసాను రాయికేసి కొట్టడం అదో సరదా. గాజు పగిలే చప్పుడు వింటే ఏం సుఖమో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు. ఆ కాలు మానడానికి ఆమెకు ఒక సీజనంతా పట్టింది. మానిన వెంటనే గోతం భుజాన వేసుకుని గట్ల మీద సీసాలు ఏరడం మొదలుపెట్టింది.

"ఇంకో ఆడదాని కాల్లో దిగకూడదు టీచరమ్మా" అంది. ఏరినవి పాత సామాన్లవాడికి వేస్తే వాడిచ్చేది ఉల్లిపాయలకు సరిపోయేది.

బీరు కంపెనీ వాళ్ళు అప్పుడు దిగారు. సీసాలను వెనక్కి తెప్పించి, కడిగి, మళ్ళీ వాడే కార్యక్రమమట. దాన్ని చూసుకునే ఆఫీసరు సాయిప్రసాద్. జగ్గయ్యపేటలో హోల్‌సేల్ కిరాణా వాళ్ళబ్బాయి. పెద్ద చదువు చదివి కంపెనీలో సామాజిక బాధ్యత అనే విభాగంలో చేరాడు. చర్చి ముందు మీటింగు పెట్టినప్పుడు చెప్పులు బయట విడిచి వచ్చి, ముసలమ్మల పక్కన చాప మీద కూర్చున్నాడు. అంత మర్యాద చూస్తే నా అనుమానం రెట్టింపవుతుంది.

"కొత్త సీసా చెయ్యాలంటే ఇసక కరిగించాలండి. రాత్రింబగళ్ళు కొలిమి మండాలి. అదే పాత సీసా కడిగితే మళ్ళీ మళ్ళీ నింపొచ్చు. పొగ తగ్గుద్ది, మీ పొలాలు శుభ్రమవుతాయి" అన్నాడు.

అందులో అబద్ధం లేదు. అదే నాకు ఒళ్ళు మండించింది. "అసలు సీసాలే రాకపోతే ఇంకా శుభ్రం కదా బాబూ?" అని అడిగా.

నవ్వాడు. "జనం తాగడం మా చేతుల్లో లేదు కదండి టీచర్‌గారూ."

"తయారు చెయ్యడం మీ చేతుల్లోనేగా?"

ఆ మాటకు అతను ఫోన్ చూసుకున్నాడు. ఆడవాళ్ళు నన్ను మోచేత్తో పొడిచారు, వచ్చిన మనిషిని నేను తరిమేస్తానని వాళ్ళ భయం.

ఆరోగ్యమ్మక్కకు చేతి తొడుగులిచ్చారు, ప్లాస్టిక్ పెట్టెలిచ్చారు, వాకిట్లో రేకుల షెడ్డు వేశారు. పగలని సీసాకు పాత సామాన్లవాడి కంటే మంచి రేటు. ఆమె గట్లతో ఆగకుండా శనివారం శనివారం ఇంటింటికీ తిరిగి దొడ్లో పడేసినవి కూడా తెచ్చేది. నందిగామలో ఫంక్షన్ హాల్లో సన్మానం చేశారు. వెనక బ్యానర్ మీద 'భూమిని కాపాడే అమ్మలు' అని రాసుంది. శాలువా కప్పారు, సమోసా పెట్టారు, ఖాళీ బీరు పెట్టె ఆమె చేతికిచ్చి ఫొటో తీశారు. వారం తిరక్కుండానే ఆ ఫొటో నందిగామ రోడ్డు మీద పెద్ద బోర్డయింది. తాగించేదీ వాళ్ళే, తాగిన సీసా ఏరించేదీ వాళ్ళే, ఏరినందుకు చప్పట్లు కొట్టేదీ వాళ్ళే. తాగి పోయిన ప్రేమదాసు మాత్రం ఆ బోర్డులో ఎక్కడా లేడు.

తర్వాత ఒక పోటీ పెట్టారు. రెండు మండలాల్లో ఏ పేట నుంచి ఎక్కువ సీసాలు వెనక్కొస్తే ఆ పేటకు మంచినీళ్ళ ప్లాంటు కట్టిస్తారట. మా బోరు నీళ్ళతో పప్పు ఉడకదు. ఫ్లోరైడు వల్ల నా క్లాసులో సగం మంది పిల్లల పళ్ళ మీద పచ్చటి చారలు. క్యాన్లు కొనలేని ఇళ్ళు ఆ నీళ్ళే తాగుతాయి. ప్లాంటు మాట చెవిన పడగానే పేటంతా ఆరోగ్యమ్మక్క వైపు చూసింది. ఆమె కూడా అప్పట్నుంచే పట్టుదలగా తిరిగింది.

మగాళ్ళకు పండగైంది. మా మరిది వరసాయన కృపారావు బీరు సీసా చంకలో పెట్టుకుని మా ఇంటి ముందు నుంచే దర్జాగా పోతూ, "నేను తాగేది నా కోసం కాదు వదినా, పేట నీళ్ళ కోసం" అనేవాడు. వాడి పెళ్ళాం ఏమీ అనలేక పళ్ళు నూరేది. ఇంకోవైపు, ఎవరింట్లో ఎన్ని సీసాలో ఆరోగ్యమ్మక్కకు తెలిసిపోతుందని పెద్దమనుషులకు బెంగ. ఒకాయన "చుట్టాలొచ్చార్లే" అని ప్రతి శనివారం చెప్పేవాడు. ఆ చుట్టాలను పేటలో ఒక్కరూ చూడలేదు. పెనుగంచిప్రోలు తిరునాళ్ళకు గోతాలెట్లా నిండాయో మా క్రిస్మస్ వారానికీ అట్లాగే నిండాయి. ఆమె ఏనాడూ ఎవరి గుట్టూ బయట పెట్టలేదు. అయినా, గుట్టు తెలిసిన మనిషిని ఎవరు ప్రేమిస్తారు? బెల్టు షాపు మాట అంత వేగంగా పాకడానికి అదీ ఒక కారణమే.

సోమవారం స్కూలు వదిలాక ఆమె ఇంటికెళ్ళా. షెడ్డులో పెట్టెలన్నీ కళ్ళతోనే వెతికా. అన్నీ ఖాళీవే. ఆమె మంచినీళ్ళు తేవడానికి లోపలికెళ్తే నేనూ వెనకే వెళ్ళా. వంటింటి మూల ఒక బీరు సీసా నిండుగా, మూతికి గుడ్డ చుట్టి కనిపించింది. దొరికింది అనుకున్నా. అడక్కుండానే తీసి వాసన చూశా. ద్రాక్ష వాసన.

"నిన్న బల్లకి కాచిందాంట్లో మిగిలిందమ్మా అది. సీసా మూడు మాట్లు వేణ్ణీళ్ళు పోసి కడిగా" అంది.

ఈ సంగతి సమాజంలో చెప్పకూడదని ఆ క్షణమే నిర్ణయించుకున్నా. చెబితే బెల్టు షాపు వదిలేసి దీని మీద పడతారు.

"బెల్టు షాపనుకుంటున్నారా టీచరమ్మా?" అని అడిగింది.

"అనుకుంటున్నారక్కా."

"అదే నయం" అని గోడకానుకుని కూలబడింది.

మహిమ గురించి చెప్పింది. మహిమ ఇల్లు మా ఇంటికి ఎదురే. మొగుడు నెహెమ్యా పెనుగంచిప్రోలు నుంచి జగ్గయ్యపేటకు ఆటో తోలతాడు. తోలిందంతా తాగేవాడు. ఆ ఇంటి అరుపులు మా వరండాలోకి తిన్నగా వచ్చేవి. ఆరోగ్యమ్మక్క గోతం బరువెక్కేది ఆ ఇంటి దగ్గరే.

"మొన్న శనివారం పోయా. ఎప్పుడూ దొడ్లో ఉండే కుప్ప లేదు. మహిమ నవ్వుతా వచ్చింది. ఏం లేవు పెద్దమ్మా, మానేశాడు, ఇయ్యాల్టికి మూడో వారం అంది. ఆ పిల్ల మొహాన అంత నవ్వు నేనెప్పుడూ చూడలా. చూస్తానే, నా నోట్లోంచి 'అయ్యో' అని వచ్చింది."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"అయ్యో అన్నా టీచరమ్మా. మొగుడు తాగుడు మానేశాడని చెబితే అయ్యో అన్నా. ఈ వారం లెక్క తగ్గుద్ది, పోటీలో చందర్లపాడోళ్ళు మనల్ని దాటిపోతారు అని మనసులో ముందే అనేసుకున్నా. పైకొచ్చేసింది. ఆ పిల్ల నవ్వు అట్టాగే ఆగిపోయింది." చేతులు చూసుకుంది. "మంచం కింద సీసా తీసి మునేట్లో పోసినదాన్ని. ఎవరన్నా మానేస్తే నాకు బాధేసే రోజొచ్చింది. ఆ మనసుతో బల్ల దగ్గరికి ఎట్టా పోను?"

గుచ్చి గుచ్చి అడగడానికి వచ్చినదాన్ని, ఒక్క ప్రశ్న కూడా అడగలేకపోయా. నాకు ఆమె మీద కోపం రాలేదు. ఆ పోటీ కనిపెట్టినవాళ్ళ మీద మాత్రం కడుపు మండిపోయింది. నీళ్ళు ఇస్తామంటే ఎవరు కాదంటారు? ఆ నీళ్ళకు సీసాలతో ముడిపెట్టాక, తెలియకుండానే మా మనసులు ఎదుటివాళ్ళ తాగుడు వైపు తిరిగాయి.

"వెళ్ళి మహిమకు చెప్పి సమాధానపడక్కా" అన్నా.

"ఏమని చెప్పను?"

"నాకు చెప్పినట్టే."

సమాజంలో మాత్రం బెల్టు షాపు లేదని చెప్పా. మరెందుకు కూర్చుందంటే మోకాళ్ళ నొప్పులన్నా. ఎవరూ నమ్మలేదు. నేనైనా నమ్మేదాన్ని కాదు.

మర్నాడు సాయంత్రం ఆరోగ్యమ్మక్క గోతం లేకుండా మహిమ ఇంటికొచ్చింది. మా వరండాలోంచి చూశా. గుమ్మంలో నిలబడి ఏదో చెప్పింది, చేతులు పట్టుకుంది. మహిమ తల ఊపి "పర్లేదులే పెద్దమ్మా" అంది. కుర్చీ మాత్రం వెయ్యలేదు. మా పేటలో వచ్చిన మనిషికి కుర్చీ వెయ్యకపోతే, పర్లేదన్న మాటకు అర్థం లేదు.

తర్వాతి నెల బల్ల ఆదివారం దగ్గరపడింది. ద్రాక్షపళ్ళు ఇచ్చి రావడానికి ఆరోగ్యమ్మక్క ఇంటికెళ్ళా. మేం మాట్లాడుతుండగానే మహిమ పెద్ద సంచితో వచ్చింది. సంచి మెట్టు మీద పెట్టింది. లోపల గాజు గలగలమంది.

"మళ్ళీ మొదలెట్టాడు పెద్దమ్మా" అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు. "నీకు తక్కువ పడినయ్యన్నావుగా. తీసుకో."

అని తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. ఆరోగ్యమ్మక్క లోపల్నుంచి గోతం తెచ్చి, సీసాలన్నీ అందులో వేసి, మూతి గట్టిగా కట్టింది. రోట్లోంచి పచ్చడిబండ తెచ్చి గోతం మీద కొట్టడం మొదలుపెట్టింది. పగిలిన సీసా కంపెనీ లెక్కలోకి రాదు. ఒకప్పుడు గాజు గుచ్చుకున్న కాలుతోనే మోకరించి, ఏడుస్తూ, చప్పుడు ఆగిపోయేదాకా కొట్టింది. నేను ఆపలేదు. నా చేతిలో ఇంకో బండ ఉంటే నేనూ కొట్టేదాన్ని.

ఆ రోజు నుంచి ఆమె కంపెనీకి సీసాలు పంపడం ఆపేసింది. సాయిప్రసాద్ పరిగెత్తుకొచ్చాడు. "ఏంటమ్మా, ఈ నెల లోడే రాలేదు. మీరు గెలిచే పొజిషన్లో ఉన్నారు తెలుసా?"

"ఏరతా బాబూ. గట్ల మీద గాజు ఉండనియ్యను" అంది. "నువ్వు మాత్రం ఎక్కువైతే బహుమతి అనమాక. తక్కువైన పేటకి ఇస్తానని చెప్పు, రేపే లోడెత్తిస్తా."

పాపం, అతను చెడ్డవాడు కాదు. "తక్కువైతే మా కార్యక్రమం పని చెయ్యట్లేదంటారమ్మా. పైవాళ్ళు ఒప్పుకోరు" అన్నాడు. సామాజిక బాధ్యత ఎక్కడి దాకా ఉంటుందో నాకు ఆ ఒక్క మాటతో తెలిసింది. పెట్టెలు ఎక్కించుకుపోయాడు. రేకుల షెడ్డు వదిలేశాడు. రోడ్డు మీద బోర్డు కూడా వదిలేశాడు, ఇప్పటికీ ఆమె అందులో బీరు పెట్టె పట్టుకుని నవ్వుతూనే ఉంది.

ప్లాంటు చందర్లపాడు వైపు పేటకు పోయింది. మా పేట ఆరోగ్యమ్మక్క మీద విరుచుకుపడింది. ఆఖర్లో చేతులెత్తేసిందన్నారు, అవతలి పేటవాళ్ళ దగ్గర ఏదో పుచ్చుకుందన్నారు. గెలిచిన పేటలో ఎంతమంది ఎంత తాగితే గెలిచారో అని అడిగినదాన్ని నేనొక్కదాన్నే. నా అనుమానాలకు అలవాటు పడ్డారు కాబట్టి ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆ సీసాలు పగిలిన వారం బల్లకు ఇద్దరు కూర్చున్నారు. ఆరోగ్యమ్మక్క వెనక వరసలో, మహిమ ముందు వరసలో. మనసులో క్షమించలేక మహిమ వెళ్ళలేదు. ఆమె వెళ్ళేదాకా తనూ వెళ్ళనని ఆరోగ్యమ్మక్క కూర్చుంది. తర్వాతి నెలా అంతే. ద్రాక్షరసం మాత్రం వేళకు వచ్చేది. అయ్యగారు ఇద్దర్నీ చూసి కళ్ళు మూసుకునేవారు.

శనివారాలు తిరగడం ఆమె మానలేదు. ఇళ్ళల్లో తీసుకోకపోతే సీసాలు మళ్ళీ గట్ల మీదకే పోతాయి. ఇప్పుడు పాత సామాన్లవాడికే వేస్తోంది. మహిమ తలుపు దగ్గర కూడా ఆగేది. మహిమ మాట్లాడకుండా సీసాలు తెచ్చి గోతంలో పడేసేది, వచ్చిన దారినే లోపలికి పోయేది.

మొన్న శనివారం నేను వరండాలో ఎండుమిరపకాయలు తొడిమలు తీస్తున్నా. ఆరోగ్యమ్మక్క ఎదురింటి గుమ్మంలో ఆగింది. మహిమ వట్టి చేతులతో బయటికొచ్చింది.

"ఏం లేవు పెద్దమ్మా."

అని ఆమె మొహంలోకే చూస్తూ నిలబడింది. అచ్చం ఆ రోజు అన్న మాటే. నెహెమ్యా నిజంగానే మానాడో, పెద్దమ్మ నోట్లోంచి ఈసారి ఏమొస్తుందో చూద్దామని మహిమే అట్లా అందో నాకు తెలీదు. నేనూ తొడిమలు తియ్యడం ఆపేశా. ఆరోగ్యమ్మక్క పైట నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. చాలాసేపటికి పైట తీసింది.

"వచ్చే వారం కూడా వస్తానే మహిమా" అంది. "అప్పుడూ ఈ మాటే చెప్పు."

మహిమ లోపలికెళ్ళింది. తలుపు వేసేస్తుందనుకున్నా. కుర్చీ తెచ్చి వాకిట్లో వేసింది. ఆరోగ్యమ్మక్క ఖాళీ గోతం మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.